ఆకులు కాలుస్తూ, అన్నం పారబోస్తూ

మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి తెలుగునాట ఏ పెద్ద విశ్వవిద్యాలయంలో చూసినా రోడ్ల నిండా ఆకులే. రావి, వేప, కానుగ, టేకు, బాదం, నిద్రగన్నేరు ఒకదాని తర్వాత ఒకటి రాలుస్తూనే ఉంటాయి. తెల్లవారకముందే పారిశుద్ధ్య సిబ్బంది చీపుళ్లు పట్టుకుని వాటిని కుప్పలు చేస్తారు. ఆ కుప్పల్లో చాలావాటికి చివరికి అగ్గిపుల్లే గతి. అదే సమయానికి హాస్టల్ మెస్ వెనక నీలం డ్రమ్ముల్లో రాత్రి మిగిలిన అన్నం, సాంబారు, పెరుగు కలిసి పులిసిపోయి ఉంటాయి. వాటిని తీసుకెళ్లడానికి మున్సిపాలిటీ బండి రావాలి, లేదా పందులు పెంచుకునేవాళ్ల ఆటో రావాలి. రెండూ రాని రోజున ఆ డ్రమ్ములను ప్రహరీ పక్కన పల్లంలో ఒంపేస్తారు.

కంపోస్టు సంగతి తెలిసినవారికి ఈ రెండు కుప్పలను విడివిడిగా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మంచి ఎరువుకు కార్బన్ దండిగా ఉండే ఎండు సరుకు కావాలి, నత్రజని దండిగా ఉండే తడి సరుకు కావాలి. మొదటిది చెట్ల కింద ఉంది, రెండోది మెస్ వెనక ఉంది. మధ్య దూరం మహా అయితే అర కిలోమీటరు. ఆ కాస్త దూరం దాటించే ఏర్పాటు లేక ఒకటి పొగైపోతోంది, రెండోది ఊరి చివర గుట్టలో కుళ్లుతోంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఇందులో ఏమీ లేదు. బాధ్యత ఎవరిదో తేల్చి, ఆ పేరు కాగితం మీద రాయడమే మిగిలింది.

చట్టం లేకనా అంటే, ఉంది. బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాహిత వ్యాజ్యం ఫలితంగా 2000లో పురపాలక ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్‌లో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వెలువడ్డాయి. రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వెలువడే సంస్థలను అవి ‘బల్క్ వేస్ట్ జనరేటర్లు’గా గుర్తించాయి. ఆ జాబితాలో కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, హాస్టళ్లు పేరు పెట్టి మరీ ఉన్నాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన ఆవరణ ఉన్న సంస్థ చెత్తను వేరు చేయాలి, తడి చెత్తను వీలైనంత వరకు తన ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి అని అవి చెప్పాయి. అందుకు ఇచ్చిన గడువు ఏడాది. అది 2017లోనే ముగిసింది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న కొత్త నియమాలు మరో మెట్టు ఎక్కాయి. చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది అని నాలుగుగా వేరు చేయమంటున్నాయి. పెద్ద సంస్థల తడి చెత్త బాధ్యతను ఇంకా గట్టిగా ఆ సంస్థల మీదే పెట్టాయి.

ఆకులు కాల్చడం గురించీ సందేహం అక్కర్లేదు. అదే అల్మిత్రా పటేల్ కేసులో 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధించింది. చిన్నపాటి కాల్చివేతకు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. పర్యావరణ శాస్త్రంలో పీజీ పట్టాలిచ్చే ఆవరణలో, ఆ విభాగం కిటికీలోంచి కనిపించేంత దగ్గర్లో ఆకుల పొగ లేస్తుంటే అది సిగ్గుపడాల్సిన విషయం.

రోజుకు 100 కిలోలంటే ఎంతో అనిపిస్తుంది గానీ లెక్క వేస్తే తేలిపోతుంది. వెయ్యి మంది తినే హాస్టల్లో ఒక్కొక్కరు రోజు మొత్తం మీద గరిటెడు అన్నం, అంటే 100 గ్రాములు, వదిలేశారనుకుందాం. ఒక్క ఎంగిలే 100 కిలోలైంది. వంటగదిలో తరిగిన కూరగాయల తొక్కలు, టీ పిప్పి, పాడైన టమాటాలు ఇంకా కలపనే లేదు. నాలుగైదు హాస్టళ్లున్న క్యాంపస్ ఒక చిన్న పట్టణంతో సమానం. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, డంపింగ్ యార్డు, చెత్త వేరు చేసే షెడ్డు సమకూర్చారు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ‘చెత్త నుంచి సంపద’ కేంద్రాలు కట్టారు. అవన్నీ సరిగ్గా నడుస్తున్నాయా అన్నది వేరే చర్చ. వెయ్యి గడప లేని ఊరికి అవసరమనుకున్న షెడ్డు, పూటకు వేలమందికి వండి వడ్డించే విశ్వవిద్యాలయానికి అవసరం కాదా?

క్యాంపస్ గేటు దాటిన చెత్త మాయమైపోదు. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో పాత గుట్టను కప్పి మూశారు. అయినా కింది నుంచి ఊరే మురుగు తమ చెరువులను, బోర్లను పాడు చేసిందని చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. గుట్టలో గాలి ఆడక కుళ్లిన అన్నం మీథేన్‌ను వదులుతుంది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు శక్తిమంతమైనది. బెంగళూరులో 2012లో మావళ్లిపుర గ్రామస్థులు ఇక మీ చెత్త మాకొద్దని అడ్డం తిరిగారు. నగర వీధుల్లో చెత్త కుప్పలు పడ్డాకే అక్కడ పెద్ద సంస్థలు తమ చెత్త తామే చూసుకోవాలన్న మాట గట్టిగా అమల్లోకి రావడం మొదలైంది. తెలుగు విశ్వవిద్యాలయాలు అలాంటి రోజు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

చేతులు కడుక్కునే చోటు

చెత్త వేరు చేయడం ఎక్కడ నెగ్గుతుందో, ఎక్కడ ఓడిపోతుందో తెలియాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు ఏదైనా హాస్టల్ మెస్‌లో చేతులు కడుక్కునే చోట కాసేపు నిలబడాలి. తిన్న ప్లేటులో కరివేపాకు, మునక్కాయ పిప్పి, నిమ్మ చెక్క, పప్పు కలిపి వదిలేసిన అన్నం ఉంటాయి. ఆదివారమైతే చికెన్ ఎముకలు. వాటి మీదే నలిపేసిన టిష్యూ, పెరుగు కప్పు, దాని రేకు మూత. కుళాయి పక్కన ఒకే ఒక పెద్ద డబ్బా. వెనక పది మంది నిలబడి ఉంటారు, ఫోన్ చెవి దగ్గర ఉంటుంది. ప్లేటు బోర్లించడం, పోవడం. అంతా కలిసి నాలుగు సెకన్లు.

మర్నాడు పొద్దున ఆ డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కప్పులూ కవర్లూ ఏరేది ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే ఆయమ్మ. విద్యార్థికి నాలుగు సెకన్లలో అయ్యే పని ఆమెకు గంటల పని. పైగా రాత్రంతా పులిసిన కంపు, గాజుపెంకు గుచ్చుకుంటుందన్న భయం. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవాళ్లలో అత్యధికులు దళిత మహిళలు. ఎంగిలి ముట్టుకోవడం తమ పని కాదన్న పాత భావన చదువుకున్నవారిలోనూ పోలేదు. సామాజిక న్యాయం మీద సదస్సులు జరిపే విశ్వవిద్యాలయం ముందు తన మెస్ డబ్బా దగ్గర ఆ న్యాయం పాటించాలి. ఎవరి ప్లేటులోది వారే వేరు చేయడం అందులో మొదటి మెట్టు.

దీనికి ఉపన్యాసాలు పెద్దగా పనిచేయవు. డబ్బాలను ఎక్కడ పెట్టారు, వాటి మూతలు ఎలా ఉన్నాయి అన్నది ఎక్కువ పనిచేస్తుంది. పెరుగు కప్పు ఖాళీ అయ్యేది బల్ల దగ్గర కాబట్టి పొడి చెత్త డబ్బా బల్లల వరస చివరే ఉండాలి, కుళాయి దగ్గర కాదు. తడి డబ్బా మీద కప్పో సీసానో పట్టని జల్లెడ మూత ఉంటే కళ్లు మూసుకుని వేసినా అన్నమే లోపలికి పోతుంది. డబ్బా పైన రాతల కంటే ఆ మెస్‌లోనే వాడే వస్తువుల ఫొటోలు నయం. మొదటి నెల రోజులు మెస్ కమిటీ సభ్యులు వంతులవారీగా డబ్బాల దగ్గర నిలబడితే, కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్లను చూసి నేర్చుకుంటారు.

పేపర్ కప్పు దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. క్యాంటీన్‌లో టీ పోసిచ్చే కాగితం కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, టీ కారిపోకుండా. ఎరువు కుప్పలో కాగితం కరిగిపోతుంది, ఆ పొర మిగిలిపోయి ఎరువులో పేలికలుగా తేలుతుంది. పెళ్లిళ్లలో వాడే మెరుపు పూత విస్తళ్లదీ అదే కథ. కుట్టిన అడ్డాకు విస్తరి అయితే కుప్పలో ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లను దేశమంతటా నిషేధించారు. ఆ స్థానంలోకి పేపర్ కప్పు వచ్చి కూర్చుంది. క్యాంటీన్ టెండరులో గాజు గ్లాసో, స్టీలు గ్లాసో తప్పనిసరి అని ఒక్క వాక్యం రాస్తే ఈ బెడద మూలంలోనే తగ్గిపోతుంది.

శానిటరీ నాప్కిన్లను విడిగా చుట్టి ఇవ్వాలన్న నియమం 2016 నుంచే ఉంది. మహిళల హాస్టళ్లలో దానికి తగ్గ డబ్బా, చుట్టడానికి కాగితం పెట్టే బాధ్యత వార్డెన్‌ది. ప్రయోగశాలల రసాయనాలు, సూదులు ఈ దారిలోకి ఏ రూపంలోనూ రాకూడదు. వాటికి వేరే నియమాలున్నాయి.

కుప్పలో జరిగేది

కంపోస్టు అంటే సూక్ష్మజీవులకు భోజనం పెట్టడం. వాటికి కార్బన్, నత్రజని సుమారు 30కి 1 పాళ్లలో కావాలి. ఎంగిలి అన్నం, కూరల్లో నత్రజని పాలు ఎక్కువ, నీళ్లూ ఎక్కువే. ఒక్కటే కుప్ప పోస్తే గాలి ఆడక ముద్దై కంపు కొడుతుంది. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. అవి ఒక్కటే పోస్తే ఏడాదైనా అలాగే పడుంటాయి. ఒక బకెట్ ఎంగిలికి రెండు మూడు బకెట్ల ఆకులు, మధ్యలో కాస్త పాత ఎరువు పొరలుగా వేసి, కుప్ప కనీసం మీటరు ఎత్తు ఉండేలా చూసుకుంటే రెండు మూడు రోజుల్లోనే లోపలి వేడి 55 డిగ్రీలు దాటుతుంది. చలికాలం పొద్దున్నే పారతో తిరగేస్తే కుప్పలోంచి ఆవిరి లేస్తుంది. వరుసగా కొన్ని రోజులు ఆ వేడి నిలిస్తే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి.

కుప్పను నడిపేవారికి ముక్కే మొదటి పరికరం. ఘాటుగా అమోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైందని, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందడం లేదని అర్థం. రెండింటికీ మందు ఒకటే, ఇంకొన్ని ఆకులు వేసి తిరగేయడం. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లో తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. వానాకాలం పైన రేకులు కావాలి, ఎండాకాలం నీళ్లు చిలకరించాలి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఎంగిలి రోజూ వస్తుంది. ఆకులు మాత్రం రెండు మూడు నెలల్లోనే చాలావరకు రాలిపోతాయి. జూన్‌లో హాస్టల్ తెరిచాక ఆకులకు వెతుక్కుంటే దొరకవు, దాంతో కుప్ప కంపు కొడుతుంది, ఫిర్యాదులొస్తాయి, పథకం మూలన పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలలో రాలిన ఆకును ఇనుప వల బోనుల్లో దాచుకున్న క్యాంపస్‌కు ఏడాది పొడవునా సరుకు ఉంటుంది. ఇవాళ అగ్గిపాలవుతున్నది రేపటి ఎరువుకు కావాల్సిన సగం ముడిసరుకు.

వానపాముల గురించి ఓ మాట. విశ్వవిద్యాలయం అనగానే వర్మీ కంపోస్టు తొట్టెలు కట్టేయడం అలవాటైంది. ఆకులకు, పేడకు, పచ్చి కూరగాయల తొక్కలకు అది మంచి పద్ధతే. తెలుగు మెస్‌లో మిగిలే కూడు వానపాములకు పడదు. పచ్చడి ఉప్పు, తాలింపు నూనె, చింతపండు పులుసు, మిరపకారం వాటి ఒంటికి మంట. వండిన ఎంగిలిని ముందు వేడి కుప్పలో మగ్గబెట్టి, చల్లారాక కావాలంటే తొట్టెల్లోకి మార్చాలి. ఈ తేడా చెప్పేవాళ్లు లేక ఎన్నో తొట్టెలు వానపాములు చచ్చి, పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నాయి.

యంత్రాలతోనూ ఇదే తంతు. 24 గంటల్లో ఎరువు అంటూ అమ్మే యంత్రాల్లో చాలావరకు అన్నాన్ని వేడి చేసి, పొడి చేసి ఇచ్చేవే. ఆ పొడి చూడటానికి ఎరువులా ఉంటుంది, తడి తగలగానే మళ్లీ కుళ్లడం మొదలెడుతుంది. దాన్ని కొన్ని వారాలు మగ్గబెడితేనే మొక్కలకు పనికొస్తుంది. కరెంటు ఖర్చు, మరమ్మతు ఖర్చు అదనం. ఆకులను ముక్కలు చేసే చిన్న ష్రెడ్డరు, పారలు, పొడవాటి థర్మామీటరు, రేకుల షెడ్డు, పని తెలిసిన ఇద్దరు మనుషులు ఉంటే ఆ యంత్రం కంటే ఎక్కువ కాలం నడుస్తుంది.

విజ్ఞాన సంస్థల్లో పుట్టిన విద్య

ఈ విద్య ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లోని పరిశోధన సంస్థలో పనిచేస్తూ, యశ్వంత్ వాడ్‌తో కలిసి ‘ఇండోర్ పద్ధతి’కి రూపం ఇచ్చారు. ఇక్కడి రైతుల అనుభవాన్ని, ఆకు, పేడ, మట్టి పాళ్లను శాస్త్రీయంగా కొలిచి చూసి చెప్పిన పద్ధతి అది. ప్రపంచమంతా సేంద్రియ సాగు చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. ఆ తర్వాత 1939లో సి.ఎన్. ఆచార్య బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ‘బెంగళూరు పద్ధతి’ని తీర్చిదిద్దారు. పట్టణ చెత్తను గుంతల్లో పొరలుగా వేసి, పైన మట్టి మెత్తి, తిరగేయకుండానే ఆరేడు నెలల్లో ఎరువు చేసే విధానం అది. రెండు పేర్లూ భారతీయ నగరాలవే, రెండూ విజ్ఞాన సంస్థల ఆవరణలో పుట్టినవే.

హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటుకు సాంకేతికత ఇచ్చింది నగరంలోని పరిశోధన సంస్థ ఐఐసీటీ. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆ మార్కెట్‌ను ప్రస్తావించారు. ఒకప్పుడు కుళ్లిన కూరగాయలతో కంపు కొట్టిన ఆవరణ అది. అంత పెద్ద ప్లాంటు ప్రతి క్యాంపస్‌కూ అక్కర్లేదు. పరిశోధన సంస్థ తన ఊరి చెత్తకు జవాబు చెప్పగలదని మాత్రం రుజువైంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో మరో అడుగు పడింది. అక్కడి ఆచార్యురాలు రుయిహాంగ్ జాంగ్ పరిశోధనతో రూపొందిన డైజెస్టరును 2014 ఏప్రిల్‌లో, మూతపడ్డ క్యాంపస్ డంప్‌యార్డు స్థలంలోనే నెలకొల్పారు. రోజుకు 50 టన్నుల సేంద్రియ వ్యర్థాల నుంచి 12,000 యూనిట్ల కరెంటు తీసేలా దాన్ని కట్టారు. విద్యార్థి సంఘం నడిపే కంపోస్టు బృందం విడిగా పనిచేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వ్యవస్థ 2020 నాటికి చెత్తను దాదాపు సున్నాకు తేవాలని లక్ష్యం పెట్టుకుంది, అందుకోలేకపోయింది. ఎంత వెనకబడ్డారో వాళ్లకు తెలిసింది, ఎందుకంటే ప్రతి క్యాంపస్ తన చెత్తను తూకం వేసి లెక్క బయటపెడుతుంది. తెలుగు విశ్వవిద్యాలయాలు ముందుగా అందిపుచ్చుకోవాల్సింది ఆ తూకం అలవాటే.

విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ అడిగే పత్రాల్లో చెత్త నిర్వహణ ఏర్పాట్లు వివరించమన్న అంశం ఉంది. చాలాచోట్ల బృందం రాకకు నెల ముందు డబ్బాలకు రంగులు పడతాయి, తొట్టెల పక్కన ఫొటోలు దిగుతారు. బృందం వెళ్లాక తాళం పడుతుంది. ఫొటో ఒక్క రోజుది, తూకం పుస్తకం ఏడాది మొత్తానిది. ఏ హాస్టల్ నుంచి ఏ తేదీన ఎన్ని కిలోల తడి చెత్త వచ్చింది, ఎన్ని కిలోలు కుప్పలో పడింది, ఎన్ని కిలోలు బయటికి పోయింది అన్న మూడు అంకెలు మెస్ నోటీసు బోర్డు మీద రోజూ రాస్తే ఎవరూ ఎవరినీ మభ్యపెట్టలేరు. ఖర్చును తినేవాళ్లంతా పంచుకునే డివైడింగ్ మెస్‌లలో ఆ అంకె విద్యార్థి జేబుకూ సంబంధించినదే. పారేసిన అన్నం ఖరీదు నెలాఖరు బిల్లులో ఉంటుంది.

విద్యార్థుల్లో శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్లు నరకొద్దని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు లాఠీలకు వెరవకుండా నిలబడ్డారు. సుప్రీంకోర్టు జోక్యంతో నరికివేత ఆగింది. అంత పట్టుదల ఉన్న తరానికి ఎంగిలి డబ్బా ఒక లెక్కా? వాళ్లు వేరు చేసిన చెత్తను బండివాడు మళ్లీ ఒకే ట్రాలీలో కలిపేస్తున్నాడని తెలిసిన రోజున మాత్రం ఆ శ్రద్ధ చచ్చిపోతుంది. అందుకే పాలనా యంత్రాంగం ముందు తన వంతు చేయాలి.

ఆ వంతు ఏమిటో స్పష్టంగానే చెప్పవచ్చు. తడి చెత్తకు బాధ్యుడు ఫలానా అధికారి అని రిజిస్ట్రార్ పేరు పెట్టి ఉత్తర్వు ఇవ్వాలి. ఆకు కాల్చొద్దని, బోనుల్లో నింపమని ఎస్టేట్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పాలి. కుప్ప నడిపే ఇద్దరు ముగ్గురిని నైపుణ్యం ఉన్న సిబ్బందిగా గుర్తించి తగిన జీతం, చేతి తొడుగులు, బూట్లు, స్నానాల గది, టీకాలు ఇవ్వాలి. తయారైన ఎరువును రసాయనశాస్త్ర విభాగమో, వ్యవసాయ విశ్వవిద్యాలయమో పరీక్షించాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో కార్బన్, నత్రజని నిష్పత్తి 20 దాటకూడదు, లవణీయతకూ పరిమితి ఉంది. ఉప్పు ఎక్కువ వాడే మన మెస్‌ల ఎరువుకు ఈ రెండో పరీక్ష మరీ ముఖ్యం. ఎంఎస్సీ విద్యార్థులకు ఏటా దొరికే ప్రాజెక్టు అది, పాస్ అయిన ఎరువు క్యాంపస్ నర్సరీకీ, పక్క ఊరి రైతులకూ పోతుంది.

వీటిలో ఏదీ పాలకమండలి ముందు పెట్టలేనంత ఖరీదైనది కాదు. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు ప్రతి విశ్వవిద్యాలయం నుంచి నెలవారీ తూకం లెక్క అడగాలి. ఉన్నత విద్యా మండళ్లు ఆ లెక్కను ప్రవేశాల కౌన్సెలింగ్‌కు ముందే అందరికీ కనిపించేలా పెట్టాలి. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు హాస్టల్ గదులు, ఫ్యాన్లు, నీళ్లు చూసుకున్నాక మెస్ వెనక్కి కూడా ఒకసారి వెళ్లి ఆ డ్రమ్ములు ఎక్కడికి పోతాయో వార్డెన్‌ను అడగాలి.